మొరైన్ లేక్: జూన్ మొదట్లో వద్దు, జులైలో వెళ్లండి

కెనడాలోని కాల్గరీలో ఉండే తెలుగువాళ్ల ఇళ్లకు అమ్మానాన్నలు వస్తే మొదటి ట్రిప్ బాన్ఫ్ నేషనల్ పార్కుకే. మేమూ అంతే. జూన్ మొదట్లో వెళ్తే మాత్రం అక్కడి మొరైన్ లేక్ అనే చెరువు చాలామందిని నిరాశపరుస్తుంది. అప్పటికి నీళ్లు నిండవు, మంచు పలకలు ఇంకా తేలుతుంటాయి. పైనున్న వెంక్‌చెమ్నా హిమానీనదం నుంచి, చుట్టూ ఉన్న పది శిఖరాల నుంచి మంచు కరిగి దిగాలి. జూన్ చివరికి గానీ చెరువు నిండదు.

ఈ చెరువు నీలం రంగూ కరిగిన నీళ్లతోనే వస్తుంది. హిమానీనదం బండల్ని ఒరుసుకుంటూ జారేటప్పుడు రాయి అరిగి మెత్తటి పొడి అవుతుంది. అది అడుగుకు చేరకుండా నీళ్లలో తేలుతూ, నీలం, ఆకుపచ్చ వెలుగును చెదరగొడుతుంది. ఎండ ఉన్న రోజు చూడాలి. మబ్బేస్తే సగం అందం పోతుంది.

మంచి వ్యూ చెరువు ఒడ్డున కాదు, రాళ్లగుట్ట మీద. 1899లో వాల్టర్ విల్‌కాక్స్ అనే అన్వేషకుడు దాన్ని మొరైన్, అంటే హిమానీనదం తోసుకొచ్చి పోసిన రాళ్లకుప్ప, అనుకుని చెరువుకు ఈ పేరు పెట్టాడు. కొండ విరిగిపడిన రాళ్లేనన్నది తర్వాత వచ్చిన వాదన. పైకి మెట్లదారి ఉంది, మోకాళ్ల నొప్పులున్న నాన్న మెల్లగా ఎక్కేశారు.

2023 నుంచి సొంత కార్లను పైకి వదలడం లేదు. నేషనల్ పార్కులను చూసే ప్రభుత్వ సంస్థ పార్క్స్ కెనడా నడిపే షటిల్ బస్సు బుక్ చేసుకోవాలి. కొన్ని సీట్లు వసంతంలోనే అమ్ముడైపోతాయి, మిగతావి ప్రయాణానికి రెండు రోజుల ముందు ఉదయం 8కి వదులుతారు. తత్కాల్ టికెట్ టెన్షనే అనుకోండి! అదే టికెట్‌తో, దగ్గర్లోని ఇంకో చెరువు లేక్ లూయీజ్‌కీ మొరైన్‌కీ మధ్య తిరిగే బస్సు ఎక్కొచ్చు.

పెద్దవాళ్లకైతే నా ఓటు లూయీజ్‌కే. ఒడ్డు వెంబడి చదునైన దారి, చివరన విక్టోరియా హిమానీనదం వైపు నుంచి బూడిదరంగు వాగు వచ్చి కలిసే చోటు. ఒడ్డునున్న పెద్ద హోటల్లో దిగడం మా బడ్జెట్‌కు అందని మాట. పార్కు బయట కాన్మోర్‌లో వంటగది ఉన్న గది తీసుకున్నాం. డ్రైవింగ్ ఎక్కువే అయినా, పొద్దున్నే పులిహోర కలుపుకుని బయల్దేరే వీలుంటుంది.

ఇంకో రోజు చేతిలో ఉంటే ఉత్తరాన పేటో లేక్ కలుపుకోండి. అక్కడ పైనుంచి చూస్తాం కాబట్టి, వాగు మోసుకొచ్చిన ఒండ్రు చెరువులో విసనకర్రలా పరుచుకోవడం స్పష్టంగా కనిపిస్తుంది. కానో పడవలు మాత్రం ఎక్కడా ఎక్కలేదు, అద్దె చాలా ఎక్కువ.