భీమిలిలో ఒక రాత్రి

విశాఖపట్నం నుంచి సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకొని సుమారు 25 కిలోమీటర్లు వెళితే భీమునిపట్నం వస్తుంది. దారిలో రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు చూసుకొని, మిట్టమధ్యాహ్నానికి భీమిలి చేరి, ఓ గంట గడిపి వెనుదిరగడం చాలామందికి అలవాటు. ఇదివరకు మేమూ అదే చేశాం. ఈసారి రాత్రి అక్కడే ఉన్నాం కాబట్టి, ఆ గంటలో ఎంత పోగొట్టుకున్నామో తెలిసింది.

17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. బ్రిటిష్‌వారితో 1824లో కుదిరిన ఒప్పందంతో ఆ అధ్యాయం ముగిసినా, వారి సమాధులు మాత్రం సముద్రానికి దగ్గరలోనే మిగిలాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఆ రాళ్లన్నీ ఒకేలా నున్నగా కనిపిస్తాయి. మర్నాడు పొద్దున్నే వెళ్లినప్పుడు, ఏటవాలుగా పడిన వెలుగులో ఒక పలకపై అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలాయి. గాడుల్లో పేరుకున్న నాచును వేలితో తడుముతూ, ఇంత దూరం వచ్చి ఇక్కడే ఒరిగిపోయిన ఆ మనిషి ఇంటివారికి ఈ కబురు ఎన్ని నెలలకు అందిందో కదా అనుకుంటూ చాలాసేపు నిలబడిపోయాను. ఇంతటి చోట చరిత్రను తెలుగులో వివరంగా చెప్పే ఫలకం ఒక్కటీ మా కంటపడకపోవడం బాధ కలిగించింది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పట్టణమిది. తన కథ తాను చెప్పుకోగలగాలి.

బస విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. సముద్రం కనిపించే గది అని ఫోనులో మాట ఇచ్చినవారు, తీరా వెళ్లాక వెనుకవైపు గది చూపించారు, వేడినీళ్లూ రాలేదు. గదిని కళ్లారా చూశాకే డబ్బు కట్టడం మంచిది. పగలు సిటీ బస్సులకు కొదవ లేదు గానీ, రాత్రి ఎనిమిది దాటాక మాకు ఆటో దొరకలేదు.

పావురాలకొండ ఎక్కడానికీ ఉదయమే అనువైనది. పైన బౌద్ధారామ శిథిలాలున్నాయి. అక్కడి నుంచి చూస్తే, బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, వలలు దులుపుకుంటున్న మత్స్యకారుల పడవలు స్పష్టంగా కనిపించాయి. తొట్లకొండను తిరుగు ప్రయాణానికి మిగుల్చుకున్నాం. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే దానికి ఆ పేరు వచ్చింది. నీడ తక్కువ కాబట్టి, పది గంటలలోపే అక్కడికి చేరుకోవాలి.