ఫ్యాన్ ఆపి చూడాల్సిన దొంగల సినిమా: రిఫిఫీ

రోహిణి కార్తెలో నెల్లూరు వాళ్లకు ఈ మాట చెప్పడం పాపమే గానీ, రిఫిఫీ పెట్టుకుంటే ఫ్యాన్ ఆపాల్సిందే. కూలర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. 1955లో వచ్చిన ఈ ఫ్రెంచి బ్లాక్ అండ్ వైట్ సినిమాలో నగల కొట్టు దోపిడీ దాదాపు అరగంట నడుస్తుంది. అంతసేపూ ఒక్క మాట లేదు, సంగీతం లేదు. సంగీత దర్శకుడు జార్జ్ ఓరిక్ ఆ ఘట్టానికి సంగీతం కట్టి ఇచ్చాడు కూడా. దర్శకుడు జూల్స్ డాసిన్ రెండు రకాలుగానూ వేసి చూపిస్తే, లేకుండానే బాగుందని ఓరికే ఒప్పుకున్నాడు.

జో, మారియో అనే ఇద్దరు దొంగలు అనుకున్నది షోకేసు అద్దం పగలగొట్టి అందినవి పట్టుకుపోదామని. జైలు నుంచి వచ్చిన టోనీ కాదంటాడు. వాడికి ఇనప్పెట్టే కావాలి. అక్కడి నుంచి తయారీ అంతా వరుసగా చూపిస్తారు. కొట్టులో ఉన్న అలారం లాంటిదే ఒకటి తెచ్చుకుని, ఏం చేస్తే మోగుతుందో, ఏం చేస్తే నోరు మూస్తుందో ముందే తేల్చుకుంటారు. చివరికి పనిచేసేది నిప్పులార్పే సిలిండర్‌లోని నురగ. పై వాటాలో ఉన్నవాళ్లను కట్టేసి నేల తొలుస్తారు. ముందు చిన్న బెజ్జం, అందులోంచి ముడిచిన గొడుగు కిందికి దించి తెరుస్తారు. పెచ్చులన్నీ గొడుగులో పడతాయి, కింద చప్పుడు ఉండదు. ఆ తర్వాతే బెజ్జం మనిషి పట్టేంత పెద్దదవుతుంది. పియానో మీట ఒకటి పొరపాటున మోగినప్పుడు చూడండి, నలుగురూ ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోతారు. ఇంత వివరంగా చూపించినా విసుగు రాదు, ఎందుకంటే ప్రతి పనికీ కారణం మనకు ముందే తెలిసి ఉంటుంది.

అందరూ ఈ అరగంట గురించే చెబుతారు. నిజానికి సినిమా గట్టిదనం దాని తర్వాతిది. పనిలో ఎక్కడా తప్పు జరగలేదు, సరుకు 24 కోట్ల ఫ్రాంకులు, కొనే బేరగాడు లండన్‌లో సిద్ధం. ఇనప్పెట్టె తెరిచిన సీజర్ మాత్రం ఒక ఉంగరం జేబులో వేసుకుని, నైట్‌క్లబ్‌లో పాడే అమ్మాయికి ఇస్తాడు. అది క్లబ్ యజమాని గ్రుటర్ కంట పడుతుంది. అంతే. దొంగ నగను మార్చడం ఎంత చిక్కో నెల్లూరు నగల కొట్ల ఆచారి వీధి వాళ్లకు వేరే చెప్పాలా? వీడు ఊరికే ఇచ్చేశాడు! గ్రుటర్‌కి తోటి దొంగల పేర్లు చెప్పేసిన సీజర్‌కి టోనీ వేసే శిక్ష సినిమాలో అన్నిటికన్నా చల్లగా కోసే సీను. ఆ సీజర్ వేషం వేసింది డాసినే, పెర్లో వీటా అనే పేరుతో. కమ్యూనిస్టని తోటివాళ్లు పేరు చెప్పడంతో హాలీవుడ్‌లో పని పోగొట్టుకున్న మనిషి, పేర్లు చెప్పేవాడి పాత్ర తనే తీసుకున్నాడు. ఆ ఏడాది ఈ సినిమాకు కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి పంచుకున్నాడు.

లోటు లేకపోలేదు. జో కొడుకుని ఎత్తుకుపోయే భాగం కొంచెం సాగింది. పాత ప్రియురాలు మాదోను టోనీ బెల్టుతో కొట్టే సీను చూడటం కష్టం, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోవద్దు.

డిస్క్ కొనేవాళ్లు ముందు రీజియన్, అంటే ఏ ప్రాంతపు ప్లేయర్‌లో తిరుగుతుందో చెప్పే గుర్తు, చూసుకోండి. మన దేశానిది బ్లూరేలో సి, అమెరికా వాళ్లది ఎ. మామూలు ప్లేయర్‌లో ఎ-లాక్ ఉన్న డిస్క్ తిరగదు. డబ్బింగ్ వద్దు, ఫ్రెంచి ఆడియోకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. టీవీలో బొమ్మకు రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, పాత సినిమా కొలత అంతే. సాగదీస్తే మొహాలు వెడల్పయిపోతాయి. ఆటో వాల్యూమ్ తప్పకుండా ఆపండి. అది ఆన్‌లో ఉంటే నిశ్శబ్దాన్ని కూడా పైకి లాగి బుస్సుమనిపిస్తుంది, డ్రిల్లు మొదలవగానే దాన్ని నొక్కేస్తుంది. ఏసీ లేని ఇంట్లో అయితే చెవులు మొత్తం మూసే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఫ్యాన్ వేసుకోండి, దానికి మాత్రం మినహాయింపు ఇవ్వొచ్చు.