చీనీ (బత్తాయి) తోట కాపలాకు డీజేఐ మినీ 2 పనికొస్తుందా?

అనంతపురం చుట్టుపక్కల బోరు కేబుల్, డ్రిప్ పైపులు, కోతకొచ్చిన కాయ పోతాయన్న భయంతో ఈ 249 గ్రాముల డ్రోన్ కొనాలనుకునేవాళ్లకు ముందే ఒక మాట. ఇది ఒక చుట్టు చూసి రావడానికి భేషుగ్గా ఉంటుంది. కావలి మాత్రం కాయదు. దానంతటది తిరగదు, రిమోట్ పట్టుకుని మనిషి నిలబడాల్సిందే.

రాత్రి సంగతి మరీ అన్యాయం. వేడిని పసిగట్టే కెమెరా లేదు, ఉన్నదేమో 1/2.3 అంగుళాల సెన్సర్. చీకట్లో చెట్టు కింద మనిషి నక్కితే స్క్రీన్ మీద నలుపు తప్ప ఏమీ కనపడదు. స్టార్టర్ పెట్టె దగ్గర సోలార్ సీసీ కెమెరా, సైరన్ పెట్టుకోవడమే మేలు.

కంపెనీ చెప్పే 31 నిమిషాలు గాలి లేనప్పటి లెక్క. ఆషాఢం గాలికి 20 నిమిషాలకే దించేయండి. ఇది తట్టుకునేది గంటకు 38 కిలోమీటర్ల గాలి వరకే. పోయేటప్పుడు గాలికి ఎదురు పంపి, వచ్చేటప్పుడు గాలివాటున తెచ్చుకోవాలి. తిరగేసి చేస్తే సగం బ్యాటరీతో వెళ్లింది దారిలోనే దిగిపోతుంది. పనిచేసే వేడి హద్దు 40 డిగ్రీలు, కాబట్టి ఏప్రిల్, మే మధ్యాహ్నాలు ఎగరేయొద్దు. దిగిన బ్యాటరీ చల్లారకముందే చార్జింగ్ పెట్టకూడదు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడకూడదు.

జింకు రేకు మీద నుంచో, బైకు సీటు మీద నుంచో లేపితే దిక్సూచి తప్పుతుంది. మట్టి మీద నుంచి లేపితే ఎర్రదుమ్ము మోటార్లలోకి పోతుంది. మీటరు టార్పాలిన్ ముక్క పరిస్తే చాలు. రెక్కలు మార్చేటప్పుడు గీత ఉన్నవి గీత ఉన్న డ్రోన్ చేతులకే బిగించాలి, తారుమారైతే లేవగానే బోర్లా పడుతుంది. ముందువైపు అడ్డు పసిగట్టే సెన్సర్ లేదు, కరెంటు తీగ దానికి కనపడదు. సిగ్నల్ తెగితే అది తానే తిరిగొచ్చే ఎత్తును చుట్టుపక్కల ఎత్తైన చెట్టు, స్తంభం కంటే పైకి పెట్టుకోండి.

అసలు తంటా పక్కింటివాళ్లతో. 30 మీటర్ల ఎత్తులో కెమెరా నిలువుగా కిందికి చూస్తే దాదాపు 44 మీటర్ల వెడల్పు పడుతుంది. సరిగ్గా కంచె మీదుగా నడిపితే 22 మీటర్ల పక్క చేను మీ స్క్రీన్‌లోనే ఉంటుంది. మిద్దె మీద పడుకున్నవాళ్లు, తడిక చాటు స్నానాల చోటు కూడా. ఆడవాళ్లు ఆంతరంగికంగా ఉన్నప్పుడు తీస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్, మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. అందుకే కంచెకు 22 మీటర్లు లోపల నడపాలి. పదెకరాల చదరపు తోటలో ఆ చుట్టు దాదాపు 630 మీటర్లు, సెకనుకు 5 మీటర్ల వేగంతో రెండు నిమిషాల పైచిలుకు. కెమెరా నిలువుగానే ఉంచి, రికార్డింగ్ ఆపేసి తిరగండి. ఏదైనా తేడా కనిపిస్తేనే నొక్కండి. ఎగరేసే వేళ పక్క చేనువాళ్లకు ముందే చెప్పి, ఒకసారి స్క్రీన్ వాళ్ల చేతికే ఇచ్చి చూపించండి.