స్విమ్ స్పా కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు మోటారు ప్లేటు చూడండి

పూల్ తవ్వించేంత చోటు లేక స్విమ్ స్పా (మోటార్లు తోసే ప్రవాహానికి ఎదురీదుతూ ఉన్నచోటే ఈతకొట్టే పెద్ద టబ్బు) పెట్టించుకుందామనుకుంటున్న హైదరాబాద్ వాళ్లు ఇది ఒకసారి చదవండి. మా ఇంటికి వచ్చిన టబ్బు పదిహేనడుగుల పొడవు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. డీలర్ మనుషులు క్రేన్‌తో దించి, నీళ్లు నింపించి, ఫోటోలు తీసుకుని వెళ్లిపోయారు. తీరా దిగితే ప్రవాహంలో బలమే లేదు. షోరూం పీసులో ఎదురీదలేక వెనక్కి కొట్టుకుపోయిన మా అబ్బాయికి, ఇంట్లో రెండు బారలు వేసేసరికి అవతలి గోడ తగులుతోంది.

ఫోన్ చేస్తే, "కొత్త మోటార్లు సార్, కొన్నాళ్లు నడిస్తే సెట్టవుతాయి" అన్నారు. తర్వాత మీ ఏరియాలో ఓల్టేజీ తక్కువన్నారు, స్టెబిలైజర్ కొనుక్కోమన్నారు. చివరికి మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ పక్క ప్యానెల్ విప్పి మోటారు మీద ప్లేటు చదివాడు. 60 హెర్ట్జ్ అని ఉంది. మన కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవృత్తులు. అమెరికాలో వాడే సరుకు తెచ్చి మాకు అంటగట్టారు.

పదే కదా తేడా అనుకోకండి. ఈ పంపుల్లో ఉండే మామూలు ఇండక్షన్ మోటారు ఎంత వేగంతో తిరగాలో నిర్ణయించేది ఫ్రీక్వెన్సీయే. 60 అందాల్సిన చోట 50 అందితే వేగం ఆరో వంతు పడిపోతుంది. వేగం ఆ కాస్త తగ్గినా పంపు నీటికి ఇచ్చే శక్తి ఇంచుమించు 40 శాతం పోతుంది. పైగా మోటారు మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతుంది. స్టెబిలైజర్ ఓల్టేజీని సరిచేస్తుంది తప్ప ఫ్రీక్వెన్సీని ముట్టుకోదు. ఆ సలహా తెలియక ఇచ్చారో, ఖర్చు మనది కదా అని ఇచ్చారో వాళ్లకే తెలియాలి. 50 హెర్ట్జ్ మోడళ్లు దొరక్క కాదు. కొటేషన్‌లోనూ బిల్లులోనూ "230 ఓల్టులు, 50 హెర్ట్జ్" అని రాయించుకోండి. సరుకు దించిన రోజే, బ్యాలెన్స్ డబ్బు ఇవ్వకముందే, ప్యానెల్ విప్పించి ప్లేటు చూడండి.

ఇంకోటి. హీటర్ గురించి గంటసేపు చెప్పినవాళ్లు నీళ్లను చల్లబరిచే చిల్లర్ మాట ఎత్తలేదు. ఈ టబ్బులకు చలిదేశాల కోసం మందంగా ఇన్సులేషన్ వేస్తారు. మన మే నెల ఎండకు పంపుల వేడి కూడా తోడైతే, ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు. ఈతకు 26 నుంచి 28 డిగ్రీలు హాయిగా ఉంటుంది. మాకు వేసవిలో సాయంత్రం దిగినా స్నానానికి కాచిన నీళ్లలాగే ఉన్నాయి. చిల్లర్ విడిగా కొనాలని, దాని ధర వేరే అని అప్పుడు చెప్పారు!

ఇదే డీలర్ మా బావమరిదితో "డాబా మీద పెట్టేద్దాం, ఏం కాదు" అన్నాడట. నాలుగడుగుల లోతు నీళ్లంటే చదరపు మీటరుకు 1,200 కిలోల పైమాటే. టబ్బు, మనుషులు అదనం. మనుషులు తిరిగే డాబాకు, భవనాలు మోయాల్సిన బరువులు చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం డిజైన్‌లో లెక్కగట్టేది చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం పెట్టిన రిపోర్టు లేకుండా ఒప్పుకోవద్దని మా బావమరిదికి గట్టిగా చెప్పాను.

బోరు నీళ్లు నింపితే హీటర్‌కు సున్నపు పొర కడుతుంది, ముందే నీళ్లు టెస్ట్ చేయించండి. టబ్బును కాంపౌండ్ గోడకు ఆనించి పెట్టనివ్వకండి, ప్యానెల్ విప్పడానికి మనిషి కూర్చునేంత జాగా కావాలి. 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) లేకుండా పిల్లల్ని దింపొద్దు.

ఇప్పుడు డీలర్ "నీళ్లు నింపాక వాపసు ఉండదు" అంటున్నాడు. నోటీసు పంపాం. 50 లక్షల వరకు చెల్లించిన సరుకైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లొచ్చు, సమస్య మొదలైనప్పటి నుంచి రెండేళ్ల గడువుంది. ముందు సలహా కావాలంటే 1915 హెల్ప్‌లైన్ ఉంది. మా బిల్లులో మోడల్ నంబరు తప్ప ఇంకేం లేదు. "ఇండియన్ పవర్‌కి పర్ఫెక్ట్ సార్" అని అతను వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ ఒకటే మా దగ్గరున్న గట్టి ఆధారం. మీరు కూడా అన్నీ ఫోన్లో మాట్లాడేసి ఊరుకోకండి, మెసేజ్ పెట్టించుకోండి.