1981 నాటి చైనా మినియేచర్ షీట్ కొనేవాళ్లు జాగ్రత్త: నేను మోసపోయిన తీరు ఇది

చైనా జానపద కథలు, పాత నవలల మీద వచ్చిన స్టాంపులు సేకరించేవాళ్లు, ముఖ్యంగా ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లు, డబ్బు పంపే ముందు ఇది ఒకసారి చదవండి. పోయిన నెల ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర 11,500 రూపాయలు పెట్టి ఒక లాట్ (కలిపి ఒకే ధరకు అమ్మే స్టాంపుల కట్ట) కొన్నాను. అందులో ఖరీదైనది ఒక్కటే, ఒక మినియేచర్ షీట్, అంటే ఒకటో రెండో స్టాంపులతో విడిగా అచ్చువేసే చిన్న కాగితం. ఆ ఒక్కటే నకిలీ.

నాకు ఈ పిచ్చి 1979లో ‘పడమటి యాత్ర’ నవల మీద వచ్చిన సెట్‌తో పట్టుకుంది. చైనా తపాలా శాఖ వరస సంఖ్య టీ.43, మొత్తం ఎనిమిది స్టాంపులు. వానర రాజు సన్ వుకాంగ్ యుద్ధాలు, ఎముకల రాక్షసిని కొట్టడం, చివరికి గురువుతో కలిసి ప్రయాణం. ఆ గురువు పాత్రకు మూలం ఏడో శతాబ్దంలో మన ధాన్యకటకం దాకా వచ్చిన హ్యుయాన్‌త్సాంగే. అది తెలిశాక ఆ స్టాంపులు పరాయివి అనిపించలేదు. తర్వాత నా కన్నంతా ‘ఎర్ర మేడల కల’ నవల మీద 1981లో వచ్చిన మినియేచర్ షీట్ మీద పడింది. ముఖ విలువ 2 యువాన్లు. నవలలో నాయకుడు బావోయూ, నాయిక దాయ్‌యూ ఇద్దరూ కలిసి నాటకం పుస్తకం చదువుకునే బొమ్మ. నాలుగేళ్లు వెతికాను.

ఆ లాట్‌లో ఈ షీట్‌తో పాటు 1987 ‘వాటర్ మార్జిన్’ మొదటి సెట్, 1988 ‘మూడు రాజ్యాల గాథ’ మొదటి సెట్, 2001లో వచ్చిన తెల్ల పాము కథ సెట్ ఉన్నాయి. పార్సిల్ రాగానే ముందు వాటినే చూశాను. ‘వాటర్ మార్జిన్’లో చెట్టును వేళ్లతో సహా పెకిలించే వీరుడు లూ జిషెన్, ‘మూడు రాజ్యాల గాథ’లో పీచు తోటలో ముగ్గురు అన్నదమ్ముల ప్రమాణం, అన్నీ అసలైనవే. దాంతో మనసు నిమ్మళించి షీట్‌ను పైపైన చూసి స్టాక్‌బుక్‌లో (స్టాంపులు దాచుకునే పుస్తకంలో) పెట్టేశాను. నా తప్పు అక్కడే. 1980ల చివర్లో వచ్చిన ఆ సెట్లు చాలా పెద్ద సంఖ్యలో అచ్చయ్యాయి, ఇప్పటికీ చవకగా దొరుకుతాయి. వాటిని నిజమైనవి ఇవ్వడంలో అమ్మేవాడికి పోయేదేమీ లేదు. మనకు నమ్మకం కలిగించడానికే వాటిని చుట్టూ పేరుస్తారు. కాబట్టి లాట్ కొంటే ముందు చూడాల్సింది అన్నిటికన్నా ఎక్కువ ధర పలికేదాన్ని.

పది రోజుల తర్వాత ఒక పాత సేకరణదారు తన షీట్ తెచ్చి నాదాని పక్కన పెట్టారు. భూతద్దం పెట్టగానే గుండె జారిపోయింది. నా షీట్‌లో దాయ్‌యూ ముఖం మీద నాలుగు రంగుల చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా గుంపులు కట్టి ఉన్నాయి. ఈమధ్య ఆఫ్‌సెట్ ప్రెస్సులో వేసిన కాపీ అది. అసలు షీట్ గ్రావ్యూర్ పద్ధతిలో, అంటే గుంటలు చెక్కిన సిలిండర్‌తో అచ్చయింది. దానిలో చుక్కలు సన్నగా, ఒకే వరసలో ఉండి చర్మం రంగు మెత్తగా కలిసిపోతుంది. నాదానిలో స్టాంపు చుట్టూ ఉండే పర్ఫొరేషన్ రంధ్రాలు కొన్ని సరిగా తెగలేదు. వెనక గమ్ మరీ మెరుస్తోంది. యూవీ లైట్ కింద కాగితం తెల్లగా వెలిగింది, ఆయనది వెలగలేదు. అయితే ఒక్క యూవీ లైట్ చూసి తీర్పు చెప్పకండి. అసలుదాని పక్కన పెట్టి పోల్చడమే గట్టి పరీక్ష. పదింతలు పెంచి చూపే భూతద్దం మామూలు ధరకే దొరుకుతుంది, అది లేకుండా ఈ స్టాంపుల జోలికి వెళ్లకండి.

అమ్మినాయన మాటలు కూడా చెప్పాలి, ఎందుకంటే ఇవే మాటలు మీకూ వినిపించవచ్చు. ‘మా తాతగారి కలెక్షన్, అవసరం పడి అమ్ముతున్నాను’ అన్నారు. వెనక వైపు ఫొటో అడిగితే వెలుతురు లేదన్నారు. సైట్ ద్వారా కాకుండా నేరుగా యూపీఐలో పంపితే వెయ్యి తగ్గిస్తానన్నారు. తగ్గింపుకు ఆశపడి పంపాను. నకిలీ అని చెప్పిన రోజు ‘స్టాంపులకు రిటర్న్ లేదు’ అని ఒక్క మెసేజ్ పెట్టి బ్లాక్ చేశారు. ఆయన పెట్టిన ఫొటోలు మళ్లీ తీసి చూస్తే, అందులో ఉన్న షీట్ నాకొచ్చినది కాదు. ఫొటోలో కుడి మూలన ఒక చిన్న మచ్చ ఉంది, నా షీట్‌కు లేదు.

అందుకే ఫొటో అడిగినప్పుడు ఆ రోజు తేదీ రాసిన చీటీని పక్కన పెట్టి ముందూ వెనకా తీయమనండి. తీయనంటే వదిలేయండి. సైట్ బయట డబ్బు పంపొద్దు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. నేను తీయలేదు, ఇప్పుడు నా దగ్గర చెప్పుకోవడానికి ఆధారం సగమే ఉంది. ఆన్‌లైన్ మోసాలకు 1930 నంబరుకు ఎంత త్వరగా ఫోన్ చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. నేను పది రోజులు ఆగి చేశాను, ఫిర్యాదు నమోదైంది కానీ డబ్బు రాలేదు.

1980 కోతి సంవత్సరం స్టాంపు, టీ.46 సంగతి ఇంకా జాగ్రత్త. ముఖ విలువ 8 ఫెన్లే (యువాన్‌లో వందో వంతు ఒక ఫెన్) అయినా ఒక్కటే లక్ష రూపాయల దాకా పలుకుతుంది కాబట్టి దానికి నకిలీలు కొల్లలు. అసలుదానిలో కోతి వెంట్రుకల గీతలు చెక్కి వేసినవి, భూతద్దంలో ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. సన్ వుకాంగ్ సెట్‌తో కలిపి ‘ఆఫర్’ అంటూ ఎవరైనా పెడితే అసలు నమ్మకండి.

ఆ నకిలీ షీట్ వెనక పెన్నుతో ‘నకిలీ’ అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను. రేపు నా తర్వాత మా ఇంట్లోవాళ్లు తెలియక ఎవరికైనా అమ్మకూడదని. ఈ మధ్య ఎవరైనా ఇదే షీట్ కొని ఉంటే ఇవాళే భూతద్దం పెట్టి చూడండి, రిటర్న్ గడువు ఇంకా మిగిలి ఉండొచ్చు.