నా తప్పులు దానికి వినపడట్లేదు: ఏఐ ఇంగ్లీష్ యాప్‌తో 8 నెలలు

ఇంగ్లీష్‌లో మాట్లాడటం ప్రాక్టీస్ చేయడానికి ఒక ఏఐ యాప్‌ను 8 నెలలుగా రోజూ వాడుతున్నాను. మొదట్లో కనిపించిన ప్రతివాళ్లకీ దీని గురించే చెప్పాను, ఎందుకంటే నలుగురిలో ఇంగ్లీష్ అనగానే గొంతు ఎండిపోయే నాకు, ఎన్నిసార్లు తడబడినా విసుక్కోకుండా వినేది ఒకటి దొరికింది. ఆ ధైర్యం నిజం, ఇప్పటికీ ఉంది. నా ఇంగ్లీష్ బాగుపడిందని కూడా అప్పుడు చెప్పాను, ఆ మాట మాత్రం ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

ఐదో నెలలో ఫోన్ ఇంటర్వ్యూ వచ్చింది. యాప్‌కి రోజూ చెప్పే పరిచయమే చెప్పాను, అవతలి ఆవిడ ఒకే వాక్యాన్ని మూడుసార్లు చెప్పించుకుంది. యాప్‌కి ఏనాడూ అర్థం కాకపోవడం లేదే, ఈవిడకెందుకు కాలేదని రెండు రోజులు ఒకటే బాధ. తర్వాత యాప్‌తో మాట్లాడుతూనే పక్కన ఇంకో ఫోన్‌లో నా గొంతు రికార్డు చేసి విన్నాను. నేను స్పష్టంగా "షి డోంట్ నో" అన్నాను. తెరమీద "షి డజంట్ నో" అని పడింది! "సిన్స్ టూ ఇయర్స్" అన్నచోట "ఫర్ టూ ఇయర్స్" అని ఉంది. కింద చాలా బాగా చెప్పావంటూ మెచ్చుకోలు.

ఇందులో ముందు మన మాటను అక్షరాల్లోకి మారుస్తారట. మార్చే భాగం శబ్దాన్ని ఒక్కటే చూడదు, అక్కడ మామూలుగా ఏ మాట వస్తుందో కూడా అంచనా వేసి రాస్తుంది, దాంతో తప్పు అక్కడే దిద్దుకుపోతుంది, జవాబిచ్చే ఏఐకి చేరేది ఆ దిద్దిన వాక్యమే. ఉచ్చారణ సంగతి ఇంకా కష్టం. వి, డబ్ల్యూ రెండింటికీ మనకున్నది ఒక్క 'వ'. "వెస్ట్" అని నేనెలా పలికినా, దిక్కా బనియనా అన్నది అది సందర్భాన్ని బట్టి తేల్చేసుకుంటుంది.

ఇప్పుడు రికార్డింగ్ విని, నేనన్నది ఒక్క అక్షరం మార్చకుండా టైప్ చేసి, మెచ్చుకోవద్దు, తప్పులే చెప్పు అని అడుగుతున్నాను. అలా అడిగితే భలే చెబుతుంది. సిన్స్ పక్కన మొదలైన సమయం, ఫర్ పక్కన గడిచిన కాలం రావాలన్నది స్కూల్లో ఏళ్ల తరబడి విన్నా పట్టుబడలేదు, ఇక్కడ వారంలో వచ్చింది. కాకపోతే పది నిమిషాల మాటకు అరగంట పని.

చందా ఇంకో 3 నెలలు పొడిగించాను. మెయిల్స్ రాయడమే అవసరమైనవాళ్లకు ఈ ఇబ్బంది తగలకపోవచ్చు, టైప్ చేస్తే తప్పు తప్పుగానే దానికి చేరుతుంది. నేను వెతుకుతున్నది ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగం, అందుకే వారానికి రెండుసార్లు అక్కతో కూడా ఇంగ్లీష్‌లో మాట్లాడుతున్నాను. అక్క "షి డోంట్" దగ్గరే ఆపేస్తుంది.