ఎవరిది ఈ సంస్థ? – హెన్రీ హాన్స్‌మన్ ‘ది ఓనర్‌షిప్ ఆఫ్ ఎంటర్‌ప్రైజ్’ సమీక్ష

కంపెనీ చట్టం బోధించేవారు ట్రస్టులూ సొసైటీల వైపు చూడరు. ధార్మిక సంస్థల చట్టం తెలిసినవారు కంపెనీల జోలికి పోరు. అమెరికాలోని యేల్ న్యాయ కళాశాలలో దశాబ్దాలుగా ఈ రెండింటినీ కలిపి పరిశీలిస్తూ వచ్చిన ఆచార్యుడు హెన్రీ హాన్స్‌మన్. న్యాయశాస్త్ర పట్టాతో పాటు అర్థశాస్త్రంలో డాక్టరేట్ కూడా ఉన్న ఆయన తన పరిశోధననంతా ఒకచోట చేర్చి రాసిన ఈ పుస్తకాన్ని 1996లో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించింది. సొసైటీలు, సెక్షన్ 8 కంపెనీలు (కంపెనీల చట్టం కింద లాభాపేక్ష లేకుండా ఏర్పడేవి), సహకార సంఘాలు నడిపేవారికీ, వాటికి బైలాలు రాసిపెట్టే న్యాయవాదులకూ, లెక్కలు చూసే ఆడిటర్లకూ ఇది తప్పక పనికివస్తుంది. లెక్కల సూత్రాలు లేకుండా సాగే వచనం కాబట్టి అర్థశాస్త్రం చదవనివారు కూడా భయపడనక్కరలేదు.

ఒక సంస్థతో లావాదేవీలు జరిపేవారు చాలామంది ఉంటారు: పెట్టుబడి పెట్టేవారు, పనిచేసేవారు, సరుకు అమ్మేవారు, కొనేవారు. వీరిలో ఎవరైనా యజమానులు కావచ్చు. మరి ఎక్కువ రంగాల్లో పెట్టుబడిదారులే ఎందుకు అవుతున్నారు? ఒక వర్గాన్ని బయట ఉంచి బజారు ఒప్పందాలతో నెట్టుకొస్తే కలిగే నష్టం ఒకటి, అదే వర్గానికి యాజమాన్యం అప్పగిస్తే అయ్యే ఖర్చు మరొకటి. ఈ రెండూ కలిపి అన్ని వర్గాల మీదా చూసినప్పుడు మొత్తం ఎక్కడ తక్కువో, సాధారణంగా యాజమాన్యం అక్కడికే చేరుతుందంటారు హాన్స్‌మన్. ఆ లెక్కన వాటాదారుల కంపెనీ కూడా ఒక రకం సహకార సంఘమే. సభ్యులు పాలకు బదులు పెట్టుబడి పోస్తారు, అంతే తేడా. ఈ ఒక్క వాక్యం కోసమైనా మొదటి అధ్యాయాలు చదవవచ్చు.

ఉదాహరణలు ఎంచుకోవడంలో ఆయనది గట్టి చెయ్యి. ఉద్యోగులే యజమానులైన సంస్థల గురించి రాస్తూ అమెరికా వాయవ్య ప్రాంతపు ప్లైవుడ్ మిల్లులనూ, పెద్ద న్యాయవాద సంస్థలనూ పక్కపక్కన పెడతారు. రెండిటికీ ఏమిటి పోలిక అనిపిస్తుంది గానీ, రెండు చోట్లా యజమానులందరూ దాదాపు ఒకే రకం పని చేస్తారు కనుక వారి ప్రయోజనాలు ఎదురుబొదురు కావు. ఓటింగులో తగాదాలు తక్కువ, నిర్ణయాలు తేలిక. రైతుల సహకార సంఘాలు ఎక్కువగా ఒకే పంట చుట్టూ అల్లుకోవడానికీ, ఇవాళ పిండిన పాలను రేపటికి దాచలేని పాడి రైతు ఒకే కొనుగోలుదారు దయాదాక్షిణ్యాలకు లోబడకుండా సంఘం వైపు మొగ్గడానికీ కారణాలు ఇదే సూత్రంలో దొరుకుతాయి. పాడి మహిళలే సభ్యులుగా నడిపే ముల్కనూరు సహకార డెయిరీ ‘స్వకృషి’ని ఎరిగిన పాఠకులకు ఈ అధ్యాయం పరాయిదిగా తోచదు.

పుస్తకంలో నా మట్టుకు అన్నిటికన్నా విలువైనది లాభాపేక్ష లేని సంస్థల మీది భాగం. దీనికి మూలం 1980లో యేల్ లా జర్నల్‌లో ఆయన రాసిన వ్యాసం. సెక్షన్ 8 కంపెనీ పెట్టాలని వచ్చేవారు ఇప్పటికీ మొదట అడిగే ప్రశ్న, “అయితే సార్, మిగులు చూపిస్తే రిజిస్ట్రేషన్ పోతుందా?” అనే. పోదు. ఎంతైనా మిగలవచ్చు, దాన్ని సభ్యులూ నిర్వాహకులూ పంచుకోకూడదు. 2013 కంపెనీల చట్టం చెప్పేదీ అదే. ఈ నిషేధం ఎందుకు అవసరమో హాన్స్‌మన్ కేర్ అనే సహాయ సంస్థ ఉదాహరణతో వివరిస్తారు. ఎక్కడో దూరదేశంలో ఆకలితో ఉన్నవారికి అన్నం పెట్టమని దాత డబ్బిస్తాడు. ఆ అన్నం వారికి చేరిందో లేదో స్వయంగా చూసుకోలేడు. లాభాలు పంచుకునే కంపెనీ అయితే ఆ డబ్బు మింగేయాలన్న ఆశ సహజంగానే పుడుతుంది. కొన్నదాని నాణ్యతను కొన్నవాడు తేల్చుకోలేని చోట, పంచుకోరాదన్న నిబంధనే దాతకు దక్కే హామీ. బడులు, ఆసుపత్రులు, వృద్ధాశ్రమాల విషయంలో కూడా ఈ తర్కం చాలావరకు నిలుస్తుంది.

ఆ హామీని కాపాడేది ఎవరు? చిక్కంతా ఇక్కడే. సొసైటీ పేరున బడి నడుస్తుంది. భవనం మాత్రం కరస్పాండెంటు భార్య పేరున ఉండి, ఏటేటా అద్దె పెరుగుతుంటుంది. బస్సుల కాంట్రాక్టు బావమరిదిది. కాగితం మీద ఒక్క రూపాయి కూడా ఎవరూ పంచుకోలేదు. అమెరికాలోనూ నిఘా బలహీనమేనని హాన్స్‌మన్ ఒప్పుకుంటారు గానీ, ఆ బలహీనత సిద్ధాంతాన్ని ఎంత దూరం దెబ్బతీస్తుందో చివరిదాకా తేల్చరు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు, ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే సంస్థ కేవలం విద్య కోసమే ఉండాలనీ, రాష్ట్ర చట్టం ప్రకారం తప్పనిసరి అయిన రిజిస్ట్రేషన్ కూడా ఉండాలనీ తీర్పు చెప్పింది. ఈ పుస్తకంతో పాటు ఆ తీర్పునూ చదివితే సిద్ధాంతం ఎక్కడ ఆగుతుందో, అధికారి పని ఎక్కడ మొదలవుతుందో తెలిసివస్తుంది.

రెండో లోపం మనకు మరింత దగ్గరిది. యాజమాన్యం ఖర్చుల లెక్క ప్రకారం తనంతట తాను చోటు వెతుక్కుంటుందన్నది ఈ పుస్తకపు ధోరణి. అమెరికాలో తొలినాటి జీవిత బీమా సంస్థలు పాలసీదారులవే కావడానికి, వసూలైన ప్రీమియంతో వాటాదారులు జూదమాడతారేమోనన్న భయాన్ని ఆయన కారణంగా చూపుతారు. మన దగ్గర 1956లో అలాంటి భయానికే జాతీయీకరణ విరుగుడైంది. సహకార సంఘాల్లోనూ అంతే. ప్రభుత్వ వాటా ధనం వచ్చాక దాని వెంటే పెత్తనం కూడా వచ్చింది, ఆ పట్టు నుంచి బయటపడే దారి కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తేవలసి వచ్చింది. ప్రభుత్వమే బరిలో దిగిన ఇలాంటి ఆటకు ఈ పుస్తకంలో చోటు తక్కువ.

న్యాయశాస్త్ర ఆచార్యుడు రైనియర్ క్రాక్‌మన్‌తో కలిసి హాన్స్‌మన్ 2001లో ప్రచురించిన వ్యాసం గురించి ఒక మాట. కంపెనీని వాటాదారుల ప్రయోజనం కోసమే నడపాలన్న అభిప్రాయం ప్రపంచమంతటా గెలిచిందని, ఇక వాదన ముగిసినట్టేనని అందులో ప్రకటించారు. ఆ ధీమా నాకు రుచించలేదు. పన్నెండేళ్లకే మన కంపెనీల చట్టం 166వ సెక్షన్‌లో ఉద్యోగులనూ, సమాజాన్నీ, పర్యావరణాన్నీ డైరెక్టర్ల బాధ్యతల్లో చేర్చింది. 135వ సెక్షన్‌లో పెద్ద కంపెనీలకు లాభాల్లో రెండు శాతం సామాజిక వ్యయాన్ని నిర్దేశించింది.

కొనదలచినవారు ముందుగా 1980 నాటి వ్యాసం చదివి, ఆ తర్వాత పుస్తకంలో సిద్ధాంత భాగం, సహకార సంఘాలు, లాభాపేక్ష లేని సంస్థల అధ్యాయాలు చూస్తే చాలు. అమెరికా పొదుపు బ్యాంకుల చరిత్ర ఆసక్తి ఉన్నవారికే.